ఉర్బాన్ తాత కాలని పెంకులు

మాకు పెళ్ళయి పదకొండు రోజులు. "మా ఆయన" అనే మాట వాడటానికి నాకు ఏ చిన్న సందు దొరికినా చాలు. హెర్మాగోర్ అనే ఊళ్ళో బస్సు ఎక్కుతూ డ్రైవరు అడక్కపోయినా చెప్పాను, "మా ఆయన సంచులు పెడుతున్నాడు, ఒక్క నిమిషం ఆగండి" అని.

"కనిపిస్తూనే ఉన్నాడమ్మా," అన్నాడు డ్రైవరు. "మా ఆవిడ కూడా మొదట్లో ఇలాగే చెప్పేది."

నా పేరు ఒటీలియా. గ్రాత్స్‌లో బడిపిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. మా ఆయన సెవెరిన్ (చూశారా, మళ్ళీ అన్నాను) అదే ఊళ్ళో ట్రాములు ఎన్ని గంటలకు ఎక్కడుండాలో పట్టికలు వేసే ఉద్యోగం చేస్తాడు. పెళ్ళి తర్వాత ఎక్కడికి వెళ్దామంటే హోటలు వద్దన్నాం. హోటల్లో పొద్దున్నే పదిమంది ముందు గుడ్డు తినాలి. అందుకని గైల్ లోయలో కొండ మీద ఒక గుడిసె మొత్తంగా నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్నాం. ప్రకటనలో రాశారు: కరెంటు లేదు, ఫోను అందదు, ఇరుగుపొరుగు లేరు. ఆ మూడు లేనివే మాకు కావలసినవి.

తాళంచెవి కింద ఊళ్ళో రెగీనా గారింట్లో తీసుకోవాలి. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నడుముకు ఏప్రను, చేతిలో తాళాల గుత్తి. వాకిట్లో బల్ల మీద వాళ్ళ నాన్న ఉర్బాన్ కూర్చుని, చిన్న చాకుతో ఆపిల్ తొక్కు తీస్తున్నాడు. తొక్కు ఎక్కడా తెగకుండా ఒకే తాడులా మోకాలి దాకా వేలాడుతోంది. ఆ తొక్కు చూసి నాకు ఆయన మీద అప్పుడే ఇష్టం పుట్టింది.

"మీరు మంచి సమయానికి వచ్చారు," అంది రెగీనా. "గుడిసె పాత కప్పుకు ఇదే ఆఖరి నెల. రెండు చోట్ల కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి. శనివారం రేకులు వస్తున్నాయి. ఆ సంగతి మా నాన్నకి కూడా చెప్పండి."

ఆయన మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. నేను అయోమయంగా ఆయన వైపు చూశాను.

"మా అమ్మాయికి చెప్పండి, నాకు చెవుడు లేదని," అన్నాడు ఆయన చాకు ఆపకుండా.

తర్వాత తెలిసింది. మూడు నెలలుగా తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగుతారు. ఉప్పు కావాలంటే పిల్లితో చెబుతారు. అతిథులెవరైనా వస్తే పిల్లికి కాస్త విశ్రాంతి.

గొడవంతా ఆ గుడిసె కప్పు గురించే. ఆయన మూడు చలికాలాలు కూర్చుని, లార్చ్ చెట్టు దుంగల్ని చేత్తో చీల్చి, కొత్త కప్పుకు సరిపడా చెక్కపెంకులు తయారుచేసుకున్నాడు. ఆవిడేమో రేకులే వేయిస్తానంటుంది.

"అద్దెకొచ్చేవాళ్ళకు పొయ్యి వాడటం రాదు," అంది రెగీనా నాతో, ఆయనకు వినపడేలా. "అడ్డదిడ్డంగా కట్టెలు కుక్కుతారు. ఒక్క నిప్పురవ్వ పైకెళ్ళి చెక్క మీద పడితే చాలు. నిద్రపోతున్నవాళ్ళ నెత్తిన అగ్గిపెట్టె పెట్టమంటారా నన్ను?"

"అది మార్చి ఒకటో తారీఖున పొద్దు వాలాక కొట్టిన చెట్టని చెప్పండి," అన్నాడు ఉర్బాన్. "ఆ వేళ కొట్టిన కర్ర కాలదు. మా నాన్న చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు."

"ఆ ముత్తాతగారి గుడిసె రెండుసార్లు కాలిందని కూడా చెప్పమనండి."

"అది మార్చి ఒకటి కర్ర కాదు."

సెవెరిన్ నవ్వు ఆపుకోలేక వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. తాడు కట్టే ఉంది.

ఉర్బాన్ ఆపిల్‌ను రెండుగా కోసి మాకు చెరో ముక్క ఇచ్చాడు. "రేకు కింద పడుకుంటే, వాన పడినప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడదు," అన్నాడు. "చెక్క కింద అయితే గుసగుస కూడా వినపడుతుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, మీకు తెలియాలి ఇది."

రెగీనా గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. ఆపైన జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉండాలి, కట్టెయ్యకూడదు. కట్టెలు ఇంటి వెనక ఉన్నాయి. ఆ తర్వాత పొయ్యి గురించి, గొట్టం గురించి ఏదో చెప్పింది. సరిగ్గా అప్పుడే సెవెరిన్ నా జుట్టులో ఇరుక్కున్న ఎండుగడ్డి పరకను తీస్తున్నాడు. రెండు వేళ్ళతో, ఎంతో శ్రద్ధగా, నేనేదో గాజుబొమ్మనైనట్టు. రెగీనా పెదవులు కదలడం కనిపించింది. నేను తలూపాను. అంతే.

వెళ్ళేటప్పుడు ఆవిడ ఎండుద్రాక్షా దాల్చినచెక్కా చుట్టిన గుండ్రటి రొట్టె ఒకటి గుడ్డలో కట్టి ఇచ్చింది.

* * *

పైకి రెండు గంటల నడక. సెవెరిన్ లెక్క ప్రకారం గంటా నలభై నిమిషాలు. దారిలో మూడుసార్లు ఆగాం. అవి పట్టికలో లేని స్టాపులని, అయినా ఆగక తప్పదని అన్నాడు.

గుడిసె అని పేరే గానీ రెండు తరాల వంట వాసన పట్టిన బుజ్జి ఇల్లు. కింద ఒక గది, అందులో ఇనుప పొయ్యి, మూలన బల్ల. నిచ్చెనెక్కితే కప్పు కిందే పడక. పడక మీద ఎంత లావు ఈకల బొంత ఉందంటే, దానికీ ఒక కుర్చీ వెయ్యాలనిపించింది. బయట దుంగ తొలిచి చేసిన తొట్టిలోకి నీళ్ళు సన్నగా, విసుగు లేకుండా పడుతున్నాయి. నేను గదంతా ఒకసారి తిరిగి, "ఇది మన కిటికీ, ఇది మన గరిటె, ఇది మన చీపురు" అని అన్నిటికీ పేర్లు పెట్టాను.

"నాలుగు రోజులకే," అన్నాడు సెవెరిన్.

"నాలుగు రోజులూ మనవే."

పొయ్యి దగ్గరే నా గొప్పలు బయటపడ్డాయి. ఒక్క అగ్గిపుల్లతో మంట పుట్టిస్తానని బస్సులోనే పందెం కాశాను. వాకిలి పక్కన చూరు కింద చక్కగా పేర్చిన సన్నటి చెక్కలు కనిపించాయి. మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు, తేనె రంగు. ఇంటి వెనక ఉన్న మొరటు దుంగలకంటే ఇవి ఎంత ముద్దుగా ఉన్నాయో. అతిథుల కోసం ఎవరో ప్రేమగా చీల్చి పెట్టారు అనుకున్నాను. మా నెత్తి మీది కప్పు పెంకులేమో వయసు మీద పడి బూడిద రంగులో ఉన్నాయి. ఇవీ అవీ ఒకటేనన్న ఆలోచనే రాలేదు నాకు.

ముందుగా, దారిలో వాగు దాటుతూ తడిసిన మేజోళ్ళు ఆరవేశాను. పొగగొట్టానికి మనిషి ఎత్తున చిన్న ఇనుప పిడి ఒకటి ఉంది. గుడ్డలు తగిలించుకోవడానికే పెట్టినట్టు ఉంది. ఒక మేజోడు దానికి తగిలించి, రెండోది కుర్చీకి వేశాను.

తర్వాత అగ్గిపుల్ల. కాగితం భగ్గుమంది, చెక్కల అంచులు నల్లబడ్డాయి, ఆపైన గదిలోకి పొగ. మళ్ళీ కాగితం, మళ్ళీ చెక్కలు, మళ్ళీ పొగ. ఏడు చెక్కలు అయిపోయాయి. అన్నీ అంచున మసిబారాయి, ఒక్కటీ అంటుకోలేదు.

"దహనానికి మూడు కావాలని మీ పిల్లలకు చెబుతావు కదా," అన్నాడు సెవెరిన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంధనం, వేడి, గాలి. ఇందులో ఏది తక్కువైంది టీచర్?"

"శిష్యుడికి నోరు ఎక్కువైంది."

తలుపూ కిటికీలూ బార్లా తెరిచి, పొగలు కక్కుతున్న చెక్కల్ని ఇనుప చేటలో వేసి తొట్టి పక్కన పారబోశాం. ఆరబెట్టిన పందిమాంసం, చీజు, రెగీనా రొట్టె చల్లగానే తిన్నాం. ఇంకా వెలుతురు ఉండగానే ఉన్ని టోపీలు పెట్టుకుని బొంత కిందికి దూరాం. అప్పుడు వాన మొదలైంది. గిన్నెల్లో టప్ టప్ మని రెండు చోట్ల పడుతోంది గానీ, మిగతా కప్పంతా ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు మెత్తటి సవ్వడి. సెవెరిన్ నా చెవి దగ్గర ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇక్కడ రాయను. కానీ ఒక్క అక్షరం కూడా పోకుండా వినపడింది. ముసలాయన చెప్పింది నిజమే.

* * *

పొద్దున్నే దిగి మేజోడు ఆరిందేమోనని లాగాను. అది పిడికి చిక్కుకుంది. గట్టిగా లాగేసరికి పిడి కిర్రుమని పావు వంతు తిరిగింది. గొట్టంలో ఎక్కడో ఇనుప మూత కదిలిన చప్పుడు. పొయ్యిలో మిగిలిన బూడిద ఒక్కసారి పైకి లేచింది, ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టు.

రెగీనా కదిలించిన పెదవులు గుర్తొచ్చాయి. గొట్టం మూత తెరవమని చెప్పి ఉంటుంది. మూసిన గొట్టం కింద మంట పెట్టమంటే కిరోసిన్ కూడా మొహం చాటేస్తుంది.

"సెవెరిన్," అన్నాను. "తక్కువైంది గాలి."

అతను నిచ్చెన మీదే కూలబడి నవ్వాడు. ఇంటి వెనకనించి దుంగలు తెచ్చాను. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంది. పందెం నెగ్గినట్టేనని నేను, నిన్నటి పందెం నిన్నే ముగిసిందని అతను. మేజోడు ఇంకా తడిగానే ఉంది, దాన్ని మళ్ళీ ఆ పిడికే తగిలించాను. అంతకంటే మంచి కొయ్య ఆ ఇంట్లో లేదు.

అట్టు పోసి, పెనం మీదే ముక్కలుగా చింపి పంచదార చల్లుతుండగా ఉర్బాన్ వచ్చాడు, చేతిలో పాల క్యాను. లోపలికి రాకుండా తొట్టి దగ్గరే ఆగిపోయాడు. నేను బయటికి వెళ్ళేసరికి వంగి మసిబారిన చెక్కలను ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

వాటినీ, చూరు కింద పేర్చినవాటినీ, నెత్తి మీది కప్పునీ చూశాను. అప్పుడర్థమైంది.

"అవి పెంకులా?" అన్నాను.

"మరేమనుకున్నావు?"

కొండెక్కాక మా దేశంలో ఎవరూ ఎవర్నీ "మీరు" అనరు. కింద ఎంత పెద్దమనిషైనా పైన నువ్వే. కానీ ఆ క్షణంలో ఆయన్ని నువ్వనడానికి నాకు నోరు రాలేదు.

"నేనే కాల్చాను. పొయ్యి ముట్టించే చెక్కలనుకున్నాను. క్షమించండి. మూడు చలికాలాలు మీరు..."

"ఆగు." ఆయన చెయ్యెత్తాడు. "కాలాయా?"

"ఆఁ?"

"కాలాయా అని అడుగుతున్నాను."

"లేదు. కాగితం మీద కాగితం పెట్టాను. అంచులు నల్లబడ్డాయి, అంతే."

ఆయన టోపీ తీసి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను, బళ్ళో రసాయన శాస్త్రం చెప్పే టీచర్నయి ఉండి మంట పెట్టలేకపోయానని కూడా. ఆయన ముఖంలో ఏదో మెల్లగా విచ్చుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముఖంలో అంత సంతోషం పట్టడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. "వాళ్ళ బళ్ళో రసాయన శాస్త్రం చెబుతుందట," అన్నాడు, తొట్టిలోని నీళ్ళతో చెబుతున్నట్టు. "ఆవిడ చేతిలోనే కాలలేదు."

మూత సంగతి చెప్పాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే లేచి లోపలికొచ్చి, పాలు బల్ల మీద పెట్టి, నిలబడే రెండు ముక్కలు అట్టు తిని, మసిబారిన పెంకు ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఆ వేగంతో దిగితే ముప్పావు గంట," అన్నాడు సెవెరిన్ వాచీ చూస్తూ.

మా సంసారంలో మొదటి గొడవ ఆ రోజే జరిగింది. చెప్పేయాలని నేను. చెబితే ఆయన గుండె పగులుతుందని సెవెరిన్.

"రేపు ఎవరో పిల్లల్ని తీసుకుని వచ్చి ఈ పడక మీదే పడుకుంటారు," అన్నాను. "నా తెలివితక్కువతనాన్ని నమ్మి వాళ్ళ నెత్తిన కట్టె కప్పు వేస్తారా?"

"ఇంతకాలం ఉన్నది కట్టె కప్పే కదా."

"అప్పుడు కాలదని ఎవరూ భరోసా ఇవ్వలేదు. ఇప్పుడు నేనిచ్చాను."

అతను బయటికి వెళ్ళి ఊరికే తొట్టి నీళ్ళలో చేతులు పెట్టి వచ్చాడు. "సరే. నువ్వు చెప్పేటప్పుడు నేను పక్కన ఉంటాను," అన్నాడు, చల్లటి చేతులు నా మెడకు ఆనించి. గొడవ అక్కడితో అయిపోయింది. నాకు చాలా నచ్చింది, ఇంకోసారి పడదామా అన్నాను.

* * *

మర్నాడు, శనివారం పొద్దున తొమ్మిదింటికి తండ్రీ కూతురూ ఇద్దరూ వచ్చారు, ఒకరి వెనక ఒకరు ఇరవై అడుగుల దూరంలో. ఉర్బాన్ తన పెంకుల దగ్గర ఆగిపోయాడు. రెగీనా నేరుగా లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"రేకుల లారీ పన్నెండింటికి బయల్దేరుతుంది. ఆలోపు కిందికి దిగి అవునో కాదో చెప్పాలి," అంది. "నిన్నట్నుంచి మా ఇంట్లో కూర్చోనివ్వడం లేదాయన. రాత్రి ఆ పెంకును గిన్నె పక్కన పెట్టుకుని సూప్ తాగాడు. నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. కాలలేదా?"

"కాలలేదు," అన్నాను. సెవెరిన్ నా పక్కకు జరిగాడు. "కానీ..."

ఆవిడ చూపు నన్ను దాటి వెనక్కి పోయింది. పొగగొట్టం మీద నా మేజోడు ఇంకా వేలాడుతోంది, ఎర్రది, మడమ దగ్గర చిన్న చిల్లుతో. రెగీనా లేచింది. మేజోడును రెండు వేళ్ళతో పక్కకు జరిపి పిడిని కొంచెం తిప్పింది. కిర్రుమంది. మళ్ళీ యథాస్థానానికి తిప్పింది.

"మొదటి రోజు కూడా ఇది ఇక్కడే ఉందా?"

"ఉంది."

"వాకిట్లో నేను చెప్పింది నువ్వు వినలేదు."

"లేదు. ఈయన నా జుట్టులో గడ్డిపరక తీస్తున్నాడు."

ఆవిడ సెవెరిన్‌ను పైనుంచి కింది దాకా చూసింది. అతను దోషిలా నిలబడ్డాడు.

కిటికీలోంచి ఉర్బాన్ కనిపిస్తున్నాడు. చూరు కింద వంగి, పెంకుల్ని ఒక్కొక్కటి తీసి వేలితో మీటి చప్పుడు విని మళ్ళీ పెడుతున్నాడు. రెగీనా చాలాసేపు అటే చూసింది.

"మూడు నెలలు," అంది మెల్లగా. "పిల్లికి కూడా మా మీద విసుగొచ్చింది. ఒంటరిగా పందెం నెగ్గి నేనేం చేసుకోను?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నాకు చెప్పాల్సింది చెప్పావు. ఇంక ఎవరికీ చెప్పకు."

"కానీ నిప్పురవ్వలు..."

"నేను మాత్రం మర్చిపోయానా? గొట్టం చుట్టూ నాలుగడుగులు రేకు. గొట్టం కొసన ఇనప వల. ఈ మూత పిడికి ఎర్ర రంగు. మిగతా కప్పు ఆయనది."

తలుపు తెరిచి బయటికి వెళ్ళింది. నాకు తెలిసి, మూడు నెలల తర్వాత మొదటిసారి పిల్లి లేకుండా, అతిథి లేకుండా పిలిచింది.

"నాన్నా."

ఆయన చేతిలోని పెంకు కింద పెట్టలేదు, తలెత్తలేదు కూడా. అలాగే ఆగిపోయాడు.

"టీచరమ్మ చెప్పింది, కాలలేదట. చెక్కే వేసుకో. గొట్టం చుట్టూ మాత్రం నాలుగడుగులు రేకు వేయిస్తాను. దానికి ఒప్పుకోవాలి."

రేకు పేరెత్తితే ఆయన మండిపడతాడనుకున్నాను. ఆయన తల ఊపాడు. "ఐదడుగులు వెయ్యి," అన్నాడు.

రెగీనా లారీ ఆపించడానికి గబగబా దిగిపోయింది. దారి మలుపులో ఒకసారి ముక్కు చీదుకోవడం వినపడింది.

* * *

ఆ మధ్యాహ్నం వెళ్ళి ఎక్కడైనా జలపాతం చూద్దామనుకున్నాం. వెళ్ళలేదు. కారే చోటైనా ఈవేళే కప్పేస్తానన్నాడు ఉర్బాన్. సెవెరిన్ కిందనుంచి పెంకులు అందించాడు, నిమిషానికి ఎన్నో లెక్కపెడుతూ. నేను నిచ్చెన చివర నిలబడి ఆయన చేతికిచ్చాను. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని, పాత పెంకు పీకి, కొత్తదాన్ని కింది వరుస మీదికి రెండొంతులు ఎక్కించి, రెండు దెబ్బల్లో కొట్టేస్తున్నాడు. బూడిద రంగు కప్పులో తేనె రంగు అతుకు మెల్లగా పెరుగుతోంది.

ఒక చోట చెయ్యి చాచి, "ఇప్పుడు నీవి ఇవ్వు," అన్నాడు.

"నావా?"

"మసిబారినవి. మంచి పెంకులు, పారేస్తామా?"

ఒకటి ఆయన చంకలో పోగా మిగిలిన ఆరూ ఇచ్చాను. నల్లటి అంచును పైవరుస కిందికి పోయేలా పెట్టి కొట్టాడు. బయటికి ఏమీ కనపడదు. ఆరోది కొట్టాక నోట్లోంచి మేకు తీసి, కింద సెవెరిన్ తొట్టి దగ్గరికి వెళ్ళేదాకా ఆగాడు.

"నిన్న దిగుతూ సగం దారిలో గుర్తొచ్చింది," అన్నాడు నా వైపు చూడకుండా. "గొట్టం మీద నీ ఎర్ర మేజోడు."

నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాను.

"వెనక్కి వద్దామనుకున్నాను. కానీ ఇంటికెళ్ళేసరికి అమ్మాయి వాకిట్లోనే ఉంది. 'ఏంటి నాన్నా అంత పరుగు' అంది. నాతో అంది, పిల్లితో కాదు. మర్చిపోయి అనేసింది, వెంటనే నోరు మూసుకుంది. నాకు మాత్రం అది చాలు." మేకు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "మూత మూసి ఉందని దానికి చెప్పకు. నా మాట నమ్మి ఇన్నాళ్ళకు ఒక్కసారి ఒప్పుకుంది."

"చెప్పను," అన్నాను.

"మాట?"

"మాట."

కింద సెవెరిన్ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "ఇంకెన్ని కావాలి?" అని అరిచాడు.

"మీ ఆయన అడుగుతున్నాడు," అన్నాడు ఉర్బాన్, చెయ్యి చాచి.